అరిసె నూనెలో వేయగానే విడిపోతోంది, కేజీన్నర చలిమిడి మిగిలింది. ఏం చేయాలి?

సీతమ్మధార_వంటిల్లు · గురువారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్కారం. కొలతలన్నీ ఇస్తున్నాను, తప్పెక్కడుందో చెప్పండి.

బియ్యం కేజీ, పాత సోనా మసూరి, 10 గంటలు నానినవి. బెల్లం 750 గ్రాములు. పాకంలోకి నీళ్ళు ఒక గ్లాసు, అంటే 200 మి.లీ. పొద్దున్న 11కి మర పట్టించడం అయింది, పాకం పెట్టింది సాయంత్రం 4కి. నీళ్ళలో వేసి చూస్తే ఉండ కట్టింది, వెంటనే దించి పిండి కలిపాం. చలిమిడి చేతికి బాగానే ఉంది. ఉండ పగల్లేదు, ఒత్తితే అంచులు చీల్లేదు. నూనెలో వేసిన పది సెకన్లకి మాత్రం చుట్టూ నురగ లేచి, అంచుల దగ్గర్నుంచి విడిపోతోంది. జల్లిగరిటెతో తీస్తే పొడిపొడిగా వస్తోంది. పది వేశాం, పదీ అంతే.

భోగి ఇంక మూడు రోజులే. ఈ చలిమిడికి దారి ఉందా, మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలా?

పాకం_పట్టు · 6:31

ముందు పొయ్యి కట్టేయండి. ఆ నూనెలో ఇంకొక్కటి కూడా వేయకండి. విడిపోయిన పొడి అడుగున మాడుతూ ఉంటుంది, తర్వాత ఎంత మంచి అరిసె వేసినా నల్లగా, చేదుగా వస్తుంది. నూనె గోరువెచ్చగా అయ్యాక పల్చటి నూలుగుడ్డలో వడకట్టి పక్కన పెట్టండి.

ఇప్పుడు నాలుగు సంగతులు చెప్పండి. పాకం చూసిన నీళ్ళు ఎక్కడివి? పిండి జల్లించారా? బెల్లం గట్టిదా, వేలితో నొక్కితే దిగేదా? పిండి మొత్తం పట్టిందా, మిగిలిందా?

అల్లిపురం_అత్తయ్య · 6:38

కంగారేటీ లేదమ్మా. రెండు చెంచాల గోధుమపిండి కలిపి ఒకటి వేసి చూడండి, బేగి నిలబడిపోద్ది. పండగ పూట ఎంతోమంది చేసే పనే అది.

సీతమ్మధార_వంటిల్లు · 6:45

నీళ్ళు ఫ్రిజ్ సీసాలోవి, చిన్న గిన్నెలో పోసి చూశాం. పిండి జల్లించలేదు, మర నుంచి వచ్చింది వచ్చినట్టే కలిపాం. బెల్లం పసుపురంగులో ఉంది, మెత్తగా ఉంది, వేలు దిగుతుంది. పిండి మొత్తం పట్టింది, పిడికెడు కూడా మిగల్లేదు.

పాకం_పట్టు · 7:10

అయితే తప్పు దొరికింది. ఒకటి కాదు, మూడు. ఒకదాన్ని ఇంకోటి కప్పేసింది, అందుకే చలిమిడి దగ్గర మీకు తెలియలేదు.

అసలు దెబ్బ ఫ్రిజ్ నీళ్ళది. లేతపాకం కూడా చల్లటి నీళ్ళలో పడగానే బిగుసుకుని ఉండలా కనబడుతుంది. పాకం చూడాల్సింది కుళాయి నీళ్ళలో, అదీ వెడల్పు పళ్ళెంలో. అర చెంచా పాకం వేసి, రెండు మూడు సెకన్లు ఆగి, వేళ్ళతో దగ్గరికి లాగండి. లాగుతుంటే జారిపోయి పళ్ళేనికి అంటుకుంటే లేత. దగ్గరికొచ్చి ఉండయి, చేతిలోకి తీసుకుంటే ఆకారం నిలిచి, నొక్కితే మెత్తగా అణిగితే అదీ అరిసెల పాకం. ఆ ఉండని పళ్ళేనికేసి కొడితే టంగుమని మోగితే ముదిరిపోయింది, అది వేరుశనగ ఉండలకీ చెక్కీకీ పనికొస్తుంది గానీ అరిసెలకి కాదు. అన్నట్టు, ఒక్కసారి చూసి దించేయకండి. ఉండ వచ్చాక మంట తగ్గించి, అర నిమిషం ఆగి, కొత్త నీళ్ళలో రెండోసారి చూడండి.

రెండోది, 11 నుంచి 4 దాకా ఐదు గంటలు పిండి ఆరింది. తడి ఆరిన పిండి లేతపాకంలోని నీటిని పీల్చేసుకుంటుంది. అందుకే చలిమిడి చేతికి గట్టిగా, సరిగ్గా ఉన్నట్టు అనిపించింది. నూనెలో పడగానే ఆ నీరంతా ఒక్కసారి ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మీరు చూసిన నురగ అదే. పిండిని పట్టి ఉంచే జిగి పాకానికి లేకపోయేసరికి అరిసె విడిపోయింది.

మూడోది జల్లించకపోవడం. మర పిండిలో రవ్వ ఉంటుంది. రవ్వ ఉన్నచోట పాకం పట్టదు, అరిసె అక్కడే చీలుతుంది.

కాబట్టి అత్తయ్యగారు చెప్పిన గోధుమపిండి నిలబెడుతుంది, కాదనను. గోధుమపిండికి సాగే గుణం ఉంది, పట్టుకుంటుంది. కానీ ఎక్కువైతే అరిసె లోపల గుల్ల రాదు, మర్నాటికి రబ్బరులా సాగుతుంది. పది పదిహేను అరిసెలైతే సరే. కేజీన్నర చలిమిడికి దాన్నే నమ్ముకోవద్దు.

బెల్లం_దిమ్మ · 7:26

వేలు దిగే బెల్లం అన్నారు కదా, దాని గురించి కూడా చెప్పుకోవాలి.

బెల్లం మెత్తబడటానికి కారణం తేమ ఒక్కటే కాదు. చెరకు కొట్టాక రసం కాచడం ఆలస్యమైనా, బెల్లం వానాకాలం దాటిన పాత సరుకైనా అందులోని పంచదార విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. అవి ఎక్కువైతే బెల్లం గడ్డకట్టదు, గాలిలోని తేమని లాగి జిగటగా అవుతుంది. మన విశాఖ సముద్రపు గాలికి ఇంకా త్వరగా. అలాంటి బెల్లంతో పాకం ఎంతసేపు కాచినా ఉండ సరిగ్గా తిరగదు, తీగలు సాగుతూ ఉంటుంది. అప్పుడు విసిగి ఇంకాసేపు ఉంచితే ఒక్కసారిగా ముదిరి మాడు వాసన వస్తుంది.

కొనేటప్పుడు దిమ్మని పగలగొట్టించండి. పగిలిన ముఖం మీద సన్నటి పలుకులు మెరవాలి. గోటితో గీస్తే పొడి రాలాలి, ముద్దలా అంటకూడదు. రంగు ముదురు గోధుమ లేదా తేనె రంగులో ఉండనివ్వండి. మరీ తెల్లగా, లేత పసుపుగా నిగనిగలాడేది వద్దు, రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేసిన సరుకు కావచ్చు. నాలుక మీద పెట్టుకుంటే తీపి వెనక ఉప్పదనం తగిలితే తీసుకోకండి.

అనకాపల్లి మార్కెట్ దేశంలో పేరున్న పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి, మనకి 35 కిలోమీటర్లు. కానీ కేజీ రెండు కేజీల కోసం పండగ రద్దీలో అంత దూరం వెళ్ళక్కర్లేదు. అక్కడి దిమ్మలే పూర్ణా మార్కెట్ వైపు టోకు కొట్లకి వస్తాయి, విడిగా కొట్టి ఇస్తారు. జనవరిలో కొత్త బెల్లం ఉంటుంది. దానిలో తడి కాస్త ఎక్కువ, పాకానికి నాలుగైదు నిమిషాలు అదనంగా పడుతుంది. నీళ్ళు తగ్గించుకోండి, అంతే.

గాజువాక_గరిటె · 7:34

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 750 గ్రాములకి 200 మి.లీ. ఎక్కువే కదా?

పాకం_పట్టు · 7:41

ఎక్కువే. బెల్లం కరగడానికే నీళ్ళు, ఆ తర్వాత అదంతా ఆవిరైపోవాలి. 750 గ్రాములకి 100 నుంచి 125 మి.లీ. చాలు. ఎక్కువ పోస్తే పాకం చెడిపోదు గానీ టైము పెరుగుతుంది, అంతసేపట్లో పిండి ఆరుతుంది. కరగ్గానే ఒకసారి దించి వడకట్టి, గిన్నె కడిగి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. కొత్త బెల్లంలో చెరకు పిప్పి, ఇసుక తప్పకుండా ఉంటాయి.

థర్మామీటర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. మెత్తటి ఉండ పాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. అది పంచదారకి చెప్పే లెక్క, బెల్లంలో మలినాలు ఉంటాయి కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. 112 దగ్గర పళ్ళెంలో చూడటం మొదలెట్టండి, 118 దాటనివ్వకండి.

మర_దగ్గర · 8:05

మర పని గురించి నేను చెప్తాను, పండగ ముందు ఎక్కువ పిండి అక్కడే పాడవుతుంది.

తడి బియ్యం అన్ని మరల్లోనూ వేయరు. గోధుమలు, కారం ఆడే రాయి మరలో తడి బియ్యం వేస్తే రాళ్ళకి అంటుకుని పూడుకుపోతుంది. పండగ వారం తడిపిండికి విడిగా ఒక మర పెడతారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి. తడిపిండికి వేరే మర ఉందా? సన్న జల్లెడ వేశారా? ముతక జల్లెడ మీద ఆడితే మీరు ఇంట్లో ఎంత జల్లించినా సగం రవ్వే మిగులుతుంది.

ముందు ఆడించినవాళ్ళ పిండి లోపల కొంత ఉండిపోతుంది. అది ఏ మినుములో రాగులో అయితే మీ అరిసె రంగే మారిపోతుంది. అందుకని మీ బియ్యంలో మొదటి గుప్పెడు పిండిని విడిగా పట్టుకుని దోసెలకి వాడుకోండి.

మరలో పిండి వేడెక్కుతుంది. ఆ వేడితో డబ్బాలో మూత బిగిస్తే చెమటపట్టి ఉండలు కడుతుంది, మూత తీసి తీసుకెళ్తే దారిలో ఆరిపోతుంది. పళ్ళెంలో పోసి రెండు నిమిషాలు చేత్తో కదిపి వేడి తగ్గించి, గిన్నెలో గట్టిగా అదిమి, తడిపి బాగా పిండిన గుడ్డ కప్పి, పైన మూత పెట్టండి. అదిమిన పిండిలో తడి రెండు మూడు గంటలు నిలుస్తుంది. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

క్యూ పెద్దగా ఉంటే బియ్యం అలాగే ఉండనివ్వండి, బియ్యంగా ఆరితే ఇంటికెళ్ళి నీళ్ళు చల్లుకోవచ్చు. ముందుగా ఆడించేసుకుని, వేరే పనులన్నీ తిరిగి ఇంటికి చేరితే పిండి మళ్ళీ మనది కాదు.

కంచరపాలెం_కూడలి · 8:12

కేజీకి మర ఎందుకండీ? మిక్సీ చాలు. 150 గ్రాముల చొప్పున వేసి, ఆపి ఆపి తిప్పి జల్లించాలి. రవ్వని తర్వాతి విడతలో కలుపుతూ పోతే చివరికి గుప్పెడే మిగులుతుంది. ప్రతి మూడు విడతలకి జార్ చల్లారనివ్వాలి. మొత్తం 40 నిమిషాలు. రెండు కేజీలు దాటితేనే మర.

మర_దగ్గర · 8:16

కేజీ వరకు మీ మాటే నా మాట.

సీతమ్మధార_వంటిల్లు · 8:20

చాలా ఉపయోగపడుతున్నాయి అందరి మాటలూ. తడి ఎంత ఉండాలో ఎలా తెలుస్తుంది? మాది నానిన బియ్యం వడకట్టి అరగంట ఫ్యాన్ కింద ఆరబెట్టినది.

మర_దగ్గర · 8:33

ఫ్యాన్ వద్దు. జల్లెడలో పోసి 20 నిమిషాలు నీరు ఓడనివ్వండి, తర్వాత నూలుగుడ్డ మీద నీడలో 10 నిమిషాలు, అంతే. గుప్పెడు బియ్యం పట్టుకుని వదిలితే అరచేతికి నాలుగైదు గింజలు అంటుకోవాలి, కానీ నీటి తడి మెరవకూడదు. రెండు గోళ్ళ మధ్య నొక్కితే గింజ పిండిగా చితకాలి. మధ్యలో పలుకు తగిలితే ఇంకా నానలేదని.

పిండి అయ్యాక పిడికిట బిగించి తెరవండి. వేళ్ళ గుర్తులతో సహా ముద్ద నిలవాలి, బొటనవేలు తాకిస్తే విరగాలి. తెరవగానే రాలిపోతే ఆరిపోయినట్టు. అప్పుడు చెంచా చెంచాగా నీళ్ళు చల్లి, కలిపి, మళ్ళీ జల్లించి పావుగంట అదిమి ఉంచండి.

అల్లిపురం_అత్తయ్య · 8:40

10 గంటల నానబెట్టు కూడా చాలదమ్మా. ఒక రోజు నిండా నానాల. పూటకోసారి నీళ్ళు మార్చాల, లేకపోతే పులిసిన వాసనొస్తాది. సోనా మసూరి కన్నా లావు బియ్యం మేలు, స్వర్ణ గానీ రేషన్ బియ్యం గానీ. మెత్తగా వస్తాయి, మూడో రోజుకి కూడా పళ్ళకి గట్టిగా తగలవు.

గాజువాక_గరిటె · 8:47

రేషన్ బియ్యానికి నేనూ ఓటేస్తాను, నాలుగైదు సార్లు కడగాలి అంతే. బెల్లం మాత్రం కేజీకి 750 నాకు ఎక్కువనిపిస్తుంది. 600 చాలు. బెల్లం పెరిగేకొద్దీ అరిసె త్వరగా నల్లబడుతుంది, నూనె ఎక్కువ తాగుతుంది.

పాకం_పట్టు · 8:58

ఇక్కడ మీతో ఏకీభవించలేను. 600తో చేస్తే మొదటి రోజు బాగుంటాయి, వారానికి ఎండిపోతాయి. పాకమే అరిసెలో తడిని పట్టి ఉంచేది. రెండు మూడు రోజుల్లో అయిపోయేవి అయితే 600, రెండు వారాలు డబ్బాలో ఉండాలంటే 700 నుంచి 750. కొత్త బియ్యమైతే పిండిలో జిగురు, తడి రెండూ ఎక్కువ, పాకం ఒక పిసరు ముదరాలి. తప్పదు.

ఇంకో సంగతి. కేజీ బియ్యం నాని పిండయ్యాక కేజీ పావు నుంచి కేజీ 300 దాకా తూగుతుంది. అందులో 200 గ్రాములు పక్కకి తీసి ఉంచండి. పాకం దించాక ఒకరు పోస్తూ, ఒకరు తెడ్డుతో తిప్పుతూ కలపాలి. తెడ్డు నిలబడి, చలిమిడి గిన్నె అంచుల్ని వదిలి వస్తుంటే పిండి ఆపేయండి. వేడి మీద కాస్త జారుగా ఉన్నట్టే ఉండాలి, చల్లారితే బిగుస్తుంది. వేడిగా ఉండగానే గట్టిపడేదాకా పిండి పోస్తే రేపటికి అది రాయి.

ఇప్పుడు మీ కేజీన్నర చలిమిడి సంగతి.

దాన్ని పొయ్యి మీద పెట్టి మళ్ళీ ఉడికించకండి. పిండి ఉడికి హల్వాలా సాగుతుంది, అడుగంటుతుంది. పొడిపిండి మాత్రమే కలిపినా లాభం లేదు, లోపం పాకంలో ఉంది కాబట్టి. ఆ లోటుని కొత్త పాకంతోనే పూడ్చాలి. 250 గ్రాముల బియ్యం ఈ రాత్రి నానబెట్టండి, మరమ్మతుకి పొద్దుటి దాకా నానితే సరిపోతుంది. మిక్సీ పట్టి సన్నగా జల్లిస్తే 300 గ్రాముల పైన తడిపిండి వస్తుంది. మంచి బెల్లం 200 గ్రాములు, నీళ్ళు 40 మి.లీ. ఈసారి పాకాన్ని మామూలు కంటే కొంచెం ముదరనివ్వండి. ఉండ నొక్కితే అణగాలి గానీ వేలికి ఎదురు చెప్పాలి. దించి, పిండిలో సగం కలిపి, వేడి తగ్గకముందే పాత చలిమిడిని నిమ్మకాయంత ముద్దలుగా తుంచి వేస్తూ తెడ్డుతో కలపండి. చేయి పట్టేంత వేడికి వచ్చాక రెండు చెంచాల నెయ్యి రాసుకుని ఐదు నిమిషాలు గట్టిగా మర్దించండి. గంట మూతపెట్టి ఉంచి, ఒక్కటంటే ఒక్కటి వేసి చూడండి. ఇంకా అంచు విడుతుంటే మిగిలిన పిండిలోంచి రెండేసి చెంచాలు. అప్పటికీ నిలవకపోతే అప్పుడు అత్తయ్యగారి గోధుమపిండి.

పాత పిండిలో రవ్వ ఉంది కాబట్టి అంచులు నున్నగా రావు. రుచికి లోటుండదు.

అల్లిపురం_అత్తయ్య · 9:04

అదీ కుదరకపోతే పొంగడాలు చేసేయండి. అరకేజీ చలిమిడికి బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి, గోరువెచ్చని పాలు పోసి గరిటెజారుగా కలపాల. నాలుగు చెంచాల గోధుమపిండి వేసి, అరగంట ఉంచి, గుంట పొంగడాల పెనంలో నెయ్యి వేసి సన్న సెగ మీద రెండు పక్కలా కాల్చాల. నూనెలో విడిపోయిన పొడి ఉంది కదా, అది కూడా పారేయకండి. నూనె ఓడ్చి, వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి కోరు, యాలకుల పొడి వేసి ఉండలు చుట్టండి. రెండు రోజుల్లో తినేయాల, నూనె ఎక్కువ పట్టి ఉంటాది.

సీతమ్మధార_వంటిల్లు · 9:15

250 గ్రాములు మరమ్మతుకి, 2 కేజీల రేషన్ బియ్యం కొత్త విడతకి ఇప్పుడే నానబెట్టేశాం. రేపు బయట పనులు ఏ వరసలో చేసుకోవాలి? గ్యాస్ బండ కూడా అయిపోవచ్చింది.

బెల్లం_దిమ్మ · 9:32

గ్యాస్ ఇప్పుడే బుక్ చేసేయండి, పండగ వారం డెలివరీ ఒక రోజు వెనకబడుతుంది. రెండు కేజీల అరిసెలకి రెండున్నర గంటలు పొయ్యి వెలుగుతూ ఉంటుంది. మధ్యలో బండ అయిపోతే పాకం చెడినట్టే.

శుక్రవారం పొద్దున్న 8 లోపు పూర్ణా మార్కెట్. ఆ తర్వాత జగదాంబ వైపు నుంచి బండి కదలదు, ఆటోలో వెళ్ళి రావడమే సుఖం. మరమ్మతుకీ కొత్త విడతకీ కలిపి బెల్లం కేజీ 700 గ్రాములు, నువ్వులు 150 గ్రాములు, గసగసాలు 50, యాలకులు 10 గ్రాములు, నెయ్యి పావుకేజీ, వేరుశనగ నూనె రెండు లీటర్లు. నువ్వులు అక్కడే నోట్లో వేసుకుని చూడండి, పాత నువ్వులైతే చేదు. అరటిపళ్ళు, కొబ్బరికాయ ఎంవీపీ కాలనీ రైతు బజారులోనో, మీకు దగ్గరున్న సీతమ్మధార రైతు బజారులోనో దొరుకుతాయి, వాటికోసం మార్కెట్లో నిలబడొద్దు.

మర శుక్రవారం వద్దు. ఆ రోజు నీళ్ళు రెండుసార్లు మార్చండి. శనివారం పొద్దున్న 6కి వడకట్టి, 7కి మర తీసే వేళకి అక్కడుంటే 8కి ఇంట్లో. ఇంట్లో ఒకరు ముందే బెల్లం తరిగి, కరిగించి, వడకట్టి ఉంచితే, పిండి గుమ్మం దాటగానే జల్లెడ, పాకం రెండూ ఒకేసారి మొదలవుతాయి. శనివారం బయట పని మర ఒక్కటే పెట్టుకోండి.

కంచరపాలెం_కూడలి · 9:40

రెండు కేజీల పాకం ఒకే గిన్నెలో పెట్టొద్దు. ఒక కేజీ, ఆ చలిమిడి అయ్యాక ఇంకో కేజీ. రెండో కేజీ పిండి అదిమి గుడ్డ కప్పి ఉంచండి. ఇండక్షన్ మీద పాకం వద్దు, అంచులు ఆగి మధ్యలో ముదురుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నె, గ్యాస్ మధ్య మంట.

సీతమ్మధార_వంటిల్లు · శుక్రవారం, సాయంత్రం 5:50

మరమ్మతు చేసిన చలిమిడి ఫలితం: మొదటిది అంచు కొద్దిగా విడింది. నాలుగు చెంచాల తడిపిండి కలిపాక రెండోది నిలబడింది. మొత్తం 36 వచ్చాయి, రెండు విరిగాయి. గోధుమపిండి అవసరం పడలేదు. కానీ కొన్ని పైన ముదురు రంగు తిరిగి లోపల పచ్చిగా ఉన్నాయి, కొన్ని గట్టిగా ఉన్నాయి. రేపటికి ముందు ఇది తెలుసుకోవాలి.

గాజువాక_గరిటె · 6:08

పైన రంగు, లోపల పచ్చి అంటే నూనె కాగిపోయింది. శనగగింజంత చలిమిడి వేసి చూడండి. అడుక్కి వెళ్ళి, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టేలోపు నెమ్మదిగా పైకి రావాలి. వేయగానే పైకి తన్నుకొస్తే మంట తగ్గించి నిమిషం ఆగండి. అడుగునే ఉండిపోతే నూనె చాలా చల్లగా ఉంది, అప్పుడు వేస్తే నూనె తాగుతుంది. మూకుడులో మూడంగుళాల లోతు నూనె, ఒకసారికి రెండు. మూడోది వేస్తే నూనె వేడి పడిపోతుంది.

అరిసె పైకి తేలాక గరిటెతో దాని మీద నూనె చిమ్ముతూ ఉంటే పొంగుతుంది. ఒకేసారి తిప్పాలి. ముదురు తేనె రంగు రాకముందే తీసేయండి, తీశాక కూడా రంగు ఒక మెట్టు పెరుగుతుంది. ఇక ఒత్తడం. నూనెలోంచి తీసిన క్షణంలోనే రెండు అరిసెల చెక్కల మధ్య ఒత్తాలి. పది సెకన్లు ఆలస్యమైతే పై పొర బిగుసుకుని నూనె లోపలే ఉండిపోతుంది, గట్టిగా ఒత్తితే విరుగుతుంది. చెక్కలు లేకపోతే రెండు చదునైన గరిటెలు. ఒకరు వేయించాలి, ఒకరు ఒత్తాలి, ఒక్కరి వల్ల కాదు.

గట్టిగా వచ్చినవి కొత్త పాకం సరిగ్గా కలవని చోటువి కావచ్చు. ఇడ్లీ పాత్రలో మూడు నిమిషాలు ఆవిరి పట్టి గుడ్డతో అద్దండి, మెత్తబడతాయి. ఆవిరి పట్టినవి ఆ రోజే తినేయాలి, నిలవ ఉండవు.

పాకం_పట్టు · 6:15

ఒత్తేటప్పుడు మందం కూడా చూసుకోండి. 50 గ్రాముల ఉండ, అరచేయంత వెడల్పు, అర సెంటీమీటరు మందం. మధ్యలో దళసరి, అంచు పల్చన అయితే మీరు చెప్పిన పచ్చి అక్కడే మిగులుతుంది. నువ్వులు ఉండకి అద్ది ఒత్తండి, చలిమిడిలో కలిపితే నూనెలో రాలిపోవు గానీ కమ్మదనం పైకి రాదు.

సీతమ్మధార_వంటిల్లు · శనివారం, మధ్యాహ్నం 1:20

7:10కి మర, 7:55కి పాకం. కుళాయి నీళ్ళలో రెండుసార్లు చూసి దించాం, 115 డిగ్రీలు. బెల్లం కేజీకి 700 వేశాం. రెండు కేజీలకి 78 అరిసెలు. విడిపోయినవి లేవు. పిండి 350 గ్రాములు మిగిలింది.

ఇంకొక్క ప్రశ్న. పాతిక అరిసెలు హైదరాబాద్ హాస్టల్‌కి కొరియర్ చేయాలి. నూనె పీల్చడానికి న్యూస్‌పేపర్ మీద పరిచాం, అది సరేనా?

కంచరపాలెం_కూడలి · 1:34

న్యూస్‌పేపర్ తీసేయండి, వేడి నూనెకి సిరా అరిసెకి అంటుతుంది. నూలుగుడ్డ గానీ, శుభ్రమైన ఎండుగడ్డి గానీ, అచ్చు లేని తెల్లకాగితం గానీ వేయండి. ఒకదాని మీద ఒకటి కాకుండా నిలువుగా ఆనించి పెడితే నూనె త్వరగా దిగుతుంది.

ఇవాళ ప్యాక్ చేయొద్దు. బయటికి చల్లగా అనిపించినా మధ్యలో వేడి ఉంటుంది, ఆ ఆవిరి డబ్బాలో నీరై మూడో రోజుకి బూజు కడుతుంది. రాత్రంతా పల్చటి గుడ్డ కప్పి ఉంచి, రేపు పొద్దున్న ఐదేసి చొప్పున బటర్ పేపర్‌లో చుట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో కదలకుండా సర్దండి. ఖాళీ మిగిలితే కాగితం ఉండలు కుక్కండి, కొరియర్‌లో విరిగేది ఆ ఖాళీ వల్లే. ఇంట్లో ఉంచుకునేవి స్టీలు డబ్బాలో, తడి చేయి పెట్టకుండా.

అల్లిపురం_అత్తయ్య · 1:41

మిగిలిన పిండి ఆరనీకుండా ఇప్పుడే పాకుండలు చేసేయమ్మా. 350 గ్రాములకి 200 బెల్లం, కొబ్బరి ముక్కలు నేతిలో వేయించి కలపాల. పాకం అరిసెలకన్నా కొంచెం ముదరాల.

సీతమ్మధార_వంటిల్లు · 1:46

పొయ్యి మీద బెల్లం పెట్టేశాం అత్తయ్యగారూ. కొబ్బరి తరుగుతున్నాం.